క్వార్టర్ ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చిందా? ఆ టైపు షాపు గడప మాత్రం తొక్కకండి

గుంటూరులో ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లందరికీ చెబుతున్నాను. అప్పీలు వేయిస్తాను, స్టే తెప్పిస్తాను అంటూ బ్రాడీపేటలో టైపు షాపు పెట్టుకున్న మనిషి దగ్గరకు వెళ్లకండి. పేరు రాయను. మన క్వార్టర్లలో సగం మంది అర్జీలు అక్కడే టైపు చేయించుకున్నారు, ఎవరి గురించో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

మాది కేంద్ర సంస్థ క్వార్టర్. నాన్న పోయి ఏడాదిన్నర. ఆయన ఉన్నంతకాలం అద్దె జీతంలోనే కోసుకునేవారు. తరువాత ఎవరూ అడగలేదు, పెన్షన్ కాగితాల కోసం తిరగడంలో మాకూ ఆ ధ్యాస లేదు. బకాయి 41,600 రూపాయలైంది, కేటాయింపు రద్దయింది. ఈ నెల 3న ఎస్టేట్ అధికారి ఉత్తర్వు తలుపుకు అంటించారు. 15 రోజుల్లో ఖాళీ చేయాలి. అద్దె కట్టకపోవడం మా తప్పే, కాదనను. వాయిదాల మీద కట్టేస్తాం, తమ్ముడి ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఉండనివ్వండి అని అడుగుదామనే అప్పీలు.

7వ తేదీన వెళ్లాం. అమ్మ ఆయన్ను అన్నయ్య గారూ అని పిలుస్తుంది. నాన్నతో కలిసి టీ తాగిన మనిషి. "కంగారు పడకమ్మా, అప్పీలుకు నెల రోజుల గడువుంది, తెలిసిన వకీలు గారు ఉన్నారు" అన్నారు. 12,000 ఫోనులో పంపాం, స్టాంపులకని 3,000 చేతికిచ్చాం. రసీదు అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. ఆ మొహమాటానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. 10న ఫోను చేస్తే "వేసేశాం" అన్నారు. 14న చేస్తే "నంబరు పడింది, స్టే రేపో ఎల్లుండో" అన్నారు. ఆ నంబరేదో చెప్పమంటే "ఫైలులో ఉంది" అన్నారు.

నిన్న 19న పొద్దున్నే ఇద్దరు ఉద్యోగులు, ఒక కానిస్టేబుల్ వచ్చారు. స్టే ఉందని అమ్మ ధైర్యంగా చెప్పింది. కాగితం చూపించమన్నారు. మా దగ్గర ఏముంది? బతిమాలితే మూడు రోజులు ఆగుతామని చెప్పి వెళ్లారు. అక్కడి నుంచి నేరుగా షాపుకు పరుగెత్తాం.

అతను సొరుగు లాగి ఒక కవరు తీసి బల్ల మీద పడేశాడు. మేమిచ్చిన కవరే! అమ్మ సంతకం చేసిన వకాలతు లోపలే ఉంది. కోర్టు ఫీజు స్టాంపు అంటించలేదు. కాగితాలు చెదరకుండా ఇంట్లో నేను గుచ్చిన గుండుసూది కూడా గుచ్చిన చోటే ఉంది. పన్నెండు రోజులుగా దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. "నంబరు పడిందన్నారు కదా అన్నయ్య గారూ" అని అడిగింది అమ్మ. అతను కంప్యూటర్ మీద నుంచి తల తిప్పకుండా, "అద్దె కట్టలేనివాళ్లకు కోర్టులెందుకమ్మా" అన్నాడు.

షాపులో ఇంకా నలుగురున్నారు. అమ్మ మారు మాట్లాడలేదు. కవరుకు పట్టిన దుమ్మును కొంగుతో తుడిచి, గుండెలకు ఆనించుకుని మెట్లు దిగింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు. చేతకాకపోతే 7వ తేదీనే ఆ సంగతి చెప్పవచ్చు కదా! ఇంకొకరి కాళ్లు పట్టుకునేవాళ్లం.

ఈ ఉదయం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. అక్కడి న్యాయవాది మొట్టమొదట అడిగింది, ఉత్తర్వు తలుపుకు ఏ రోజు అంటించారని. మాలాంటి క్వార్టర్లకు వర్తించే 1971 నాటి చట్టంలో అప్పీలుకు 12 రోజులే గడువట. 15వ తేదీతో ముగిసిపోయింది. మేము షాపుకు వెళ్లేనాటికి ఇంకా ఎనిమిది రోజులు చేతిలో ఉన్నాయి, అవన్నీ ఆ సొరుగులో పోయాయి. తగిన కారణం చూపితే జిల్లా జడ్జి ఆలస్యాన్ని మన్నించవచ్చన్నారు. ఆ పిటిషన్‌తో పాటు స్టే పిటిషన్ కూడా ఇప్పుడు రాస్తున్నారు. స్టేకు విడిగా అడగాలట, అప్పీలు వేసినంత మాత్రాన ఖాళీ చేయించడం ఆగదట. ఒక్క రూపాయి అడగలేదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. ఇది ముందే తెలిసి ఉంటే!

మీకు ఉత్తర్వు వస్తే అది ఏ చట్టం కింద ఇచ్చారో అదే రోజు చదివించుకోండి, రాష్ట్ర ప్రభుత్వ క్వార్టర్లకు చట్టం వేరు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోను చేయండి. కేసు వేశామని ఎవరైనా అంటే కోర్టు ప్రతి కేసుకూ ఇచ్చే, అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉండే సీఎన్ఆర్ నంబరు అడిగి, ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోండి.

12,000 పంపిన వివరం నా ఫోనులో ఉంది, దానితో పోలీసు ఫిర్యాదు ఇస్తున్నాం. అతనికి డబ్బు కట్టి నంబరు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, ఈ రోజే వెళ్లి ఆ సొరుగులోంచి మీ కవరు తెచ్చుకోండి.