మొక్కలో గుచ్చే హార్మోన్ సెన్సర్: చాలాకాలం వాడాక తేలినవి

మొక్కల ఒత్తిడి (నీటి ఎద్దడి, వేడి, రోగం లాంటివి) మీద పనిచేసేవాళ్లకు పాత పద్ధతి ఎంత చిరాకో తెలుసు. ఆకు తెంపాలి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పొడి చేయాలి, హార్మోన్లను సాల్వెంట్‌లోకి దింపి, అణువులను బరువును బట్టి గుర్తించి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపాలి. వచ్చే అంకె నమ్మకమైనదే, కానీ ఆ ఆకు మళ్లీ ఉండదు. పొద్దున కొలిచిన ఆకు ఒకటి, సాయంత్రం కొలిచింది ఇంకొకటి. మధ్యలో ఏం జరిగిందన్నది ఊహే. ఆ ఊహతో విసిగిపోయి సూది సెన్సర్లకు మారాను. అప్పటినుంచి ఎక్కువగా టమాటా మొక్కల మీదే వాడుతున్నాను.

నా దగ్గరున్నది ఎలక్ట్రోకెమికల్ రకం. మూడు సన్నటి సూదులు. కార్బన్ పూత ఉన్నది కొలుస్తుంది, సిల్వర్ క్లోరైడ్ ఉన్నది రిఫరెన్స్, మూడోది సర్క్యూట్ పూర్తి చేస్తుంది. కాండంలోనో ఆకు కాడలోనో గుచ్చి వోల్టేజీని మెల్లగా పెంచుతూ పోతే, ఒక్కో పదార్థం ఒక్కో వోల్టేజీ దగ్గర ఆక్సీకరణం చెందుతుంది. అక్కడ కరెంటు గ్రాఫ్ లేచి దిగుతుంది. ఆక్సిన్ లేచేచోటు ముందు వస్తుంది, సాలిసిలిక్ ఆమ్లం ఇంకాస్త ఎక్కువ వోల్టేజీ దగ్గర. రెండూ ఒకే స్కాన్‌లో దొరకడం ఈ పరికరంలో నాకు బాగా నచ్చిన విషయం. ఒకటి పెరుగుదలకు సంబంధించినది, ఇంకొకటి రక్షణకు. ఒత్తిడిలో ఉన్న మొక్క దేన్ని తగ్గించి దేన్ని పెంచుతోందో కళ్లముందు కనిపిస్తుంది.

మంచి మాట ముందే చెప్పేస్తాను. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు దీన్ని మించింది నేను చూడలేదు. సాలిసిలిక్ ఆమ్లం ఎప్పుడు లేవడం మొదలైంది, ఎంతసేపు నిలిచింది, రాత్రి లైట్లు ఆరాక ఏమైంది, అన్నీ ఒకే మొక్కలో చూడొచ్చు. ఈ కాలక్రమం ఎందుకు విలువైనదో సింగపూర్, ఎంఐటీ పరిశోధకులు 2024లో ప్రచురించిన పని బాగా చూపించింది. వాళ్లది వేరే రకం, కాంతిని వెలువరించే కార్బన్ నానోట్యూబులు (అతి సన్నటి కార్బన్ గొట్టాలు). పాక్ చోయ్ అనే ఆకుకూర ఆకుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ సాలిసిలిక్ ఆమ్లాన్నీ ఒకేసారి కొలిచారు. వేడి, ఎక్కువ వెలుతురు, బ్యాక్టీరియా, గాయం అన్నిటికీ పెరాక్సైడ్ నిమిషాల్లో లేచింది. సాలిసిలిక్ ఆమ్లం మాత్రం మొదటి మూడింటికి రెండు గంటల లోపు వేర్వేరు సమయాల్లో లేచింది, పురుగు కాటు లాంటి గాయానికి లేవనే లేదు. అంటే ఏ ఒత్తిడి తగిలిందో ఆ క్రమమే చెప్పేస్తోంది. ఆకు తెంపే పద్ధతిలో ఇది దొరకడం చాలా కష్టం.

‘ఎంత’ అన్న ప్రశ్నకు వస్తే మాత్రం స్క్రీన్ మీద గాఢతగా చూపే మైక్రోమోలార్ అంకెను నేను నమ్మను. దానికి కారణాలున్నాయి.

మొదటిది సూదే. గుచ్చడమంటే గాయం చేయడం, గాయమైన నిమిషాల్లోనే మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం అనే ఇంకో హార్మోన్ పెరుగుతుంది. అది, సాలిసిలిక్ ఆమ్లం తరచూ ఒకదాన్నొకటి అణచుకుంటాయి. కాబట్టి గుచ్చిన వెంటనే వచ్చే గ్రాఫ్ మనం చూడాలనుకున్న ఒత్తిడిది కాదు, మనం పెట్టిన ఒత్తిడిది. సూది పెట్టి కనీసం ఒక పగలూ రాత్రీ వదిలేశాకే ప్రయోగం మొదలుపెడతాను. పక్కన సూది గుచ్చి, వేరే ఒత్తిడేమీ పెట్టని మొక్క ఒకటి ఎప్పుడూ ఉండాలి. అది లేని డేటా ఎవరు చూపించినా నేను పెద్దగా పట్టించుకోను.

రెండోది పీహెచ్, అంటే రసం ఎంత ఆమ్లంగా లేదా క్షారంగా ఉందన్న కొలత. దీని గురించి పరికరంతో వచ్చే కాగితాల్లో ఒక్క వాక్యం ఉంటుంది, నిజానికి ఒక అధ్యాయం ఉండాలి. నీళ్లు ఆపితే చాలా మొక్కల్లో దారువు (వేరు నుంచి నీటిని పైకి మోసే కణజాలం) రసం పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ ఒక యూనిట్ పెరిగితే ఇలాంటి ఆక్సీకరణ జరిగే వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు కిందికి జరగొచ్చు. సాఫ్ట్‌వేర్ ఒకే వోల్టేజీ దగ్గర కరెంటు చదువుతుంటే, గ్రాఫ్ శిఖరం పక్కకు జరిగిన విషయం దానికి తెలియదు. హార్మోన్ తగ్గిందని చూపిస్తుంది. అదీ సరిగ్గా నీటి ఎద్దడి సమయంలో, మనకు అసలు అవసరమైనప్పుడు! అందుకే ముడి గ్రాఫ్ ఇవ్వకుండా ఒక్క అంకె మాత్రమే చూపే సెన్సర్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దంటాను. పూర్తి గ్రాఫ్ ఉంటే శిఖరం ఎక్కడికి జరిగిందో వెతికి పట్టుకోవచ్చు.

మూడోది సూది మీద పేరుకునే పొర. కోసిన వంకాయ నల్లబడినట్టే సూది చుట్టూ కణజాలం కూడా నల్లబడుతుంది. ఆక్సీకరణం చెందిన ఫీనాలిక్ పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తాయి. సిగ్నల్ మెల్లమెల్లగా పడిపోతుంది, చూస్తే అచ్చం హార్మోన్ తగ్గుతున్నట్టే ఉంటుంది. సూది బయటికి తీశాక తెలిసిన ద్రావణంలో మళ్లీ కాలిబ్రేషన్ చేసి చూడటం తప్ప దీనికి నాకు తెలిసిన దారి లేదు.

మాస్ స్పెక్ట్రోమెట్రీ అంకెతో దీని అంకె కలవడం లేదని కొత్తవాళ్లు టెన్షన్ పడుతుంటారు. కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. మొక్క సాలిసిలిక్ ఆమ్లంలో చాలా భాగాన్ని గ్లూకోజ్‌తో కలిపి కణం లోపల సంచుల్లా ఉండే రిక్తికల్లో దాచుకుంటుంది. సూదికి తగిలేది దాని చుట్టూ ఉన్న రసంలోని స్వేచ్ఛా ఆమ్లమే. ఆకు మొత్తం రుబ్బితే కణం బయటిదీ లోపలిదీ అంతా కలిసిపోతుంది.

ఇక అందరూ అడిగేది అబ్సిసిక్ ఆమ్లం గురించి. నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలను మూయించే హార్మోన్ అదే. కానీ అది ఆక్సిన్‌లా సులువుగా ఆక్సీకరణం చెందదు, ఈ సూదికి నేరుగా దొరకదు. దాన్ని పట్టుకునే యాంటీబాడీనో ఆప్టమర్‌నో (ఒకే అణువుకు అతుక్కునేలా తయారుచేసిన చిన్న డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ పోగు) సూది మీద పూయాలి. అలాంటి పూత సూదులు నా చేతిలో ఎక్కువ కాలం నిలవలేదు. ఈ హార్మోన్‌కు మొక్క జన్యువుల్లోనే సెన్సర్ పెట్టే దారి ఉంది. 2014లో వచ్చిన అబాకస్, అబాలియాన్ అలాంటివే. అబాకస్ కొత్త రూపంతో, ఆకుల చుట్టూ గాలి పొడిబారితే వేరులో ఈ హార్మోన్ పెరుగుతుందని 2023లో చూశారు. ఒక్కో కణం స్థాయిలో అంత స్పష్టత ఏ సూదికీ రాదు. అయితే జన్యుమార్పిడి మొక్కలు, మంచి మైక్రోస్కోప్ కావాలి. ఈ పని ఎక్కువగా ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క చుట్టూనే తిరుగుతోంది.

నేను ఇప్పుడు సూది సెన్సర్‌నూ ఆకు తెంపే పాత పద్ధతినీ రెండూ కలిపి వాడుతున్నాను. సెన్సర్ గ్రాఫ్ ఎక్కడ లేస్తుందో చూసి, సరిగ్గా ఆ గంటలో సూది గుచ్చని పక్క మొక్క ఆకు తెంపి మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపుతాను. తెంపే ఆకుల సంఖ్య బాగా తగ్గింది, ఖర్చూ తగ్గింది.

చిన్న ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. వైరు బరువుకు లేత కాండం వంగుతుంది, ఊతకర్ర కావాలి. గ్రోత్ చాంబర్ ఫ్యాన్ గాలికి ఆకు ఊగితే సిగ్నల్ కూడా ఊగుతుంది. బోలు కాండాల్లో సూది మొన గాలిలో తేలిపోతుంది, గ్రాఫ్ చదునుగా వస్తుంది. ఒక మొక్కలోంచి తీసిన సూదిని ఇంకో మొక్కలో గుచ్చకండి. పూత పాడవుతుందన్నది చిన్న కారణం. టమాటా మొజాయిక్ వైరస్ లాంటివి రసం అంటితే చాలు పాకుతాయి, అప్పుడు సెన్సర్ కొలిచేది మనం చేతులారా అంటించిన రోగాన్నే.