కొత్తవాడ జంపఖానాలకు వాట్సాప్ బిజినెస్ ఏమేరకు పనికొస్తుంది?

వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది 2018లో. వాట్సాప్ బిజినెస్ యాప్ మన దేశంలోకి వచ్చిందీ ఆ ఏడే. యాప్ ఉచితం. వరంగల్ కొత్తవాడలో నేసి, అమ్మే కుటుంబాలకు ఇందులో నిజంగా అక్కరకొచ్చేది కేటలాగ్, అంటే సరుకును ఫొటోలతో చూపే జాబితా. 500 వస్తువుల దాకా పెట్టొచ్చు, ఒక్కోదానికి 10 ఫొటోలు.

చాలామంది తప్పు చేసేది మొదటి ఫొటో దగ్గరే. కేటలాగ్ దాన్ని చదరంగా కత్తిరించి చూపిస్తుంది. ఆరడుగుల జంపఖానా నిలువునా తీస్తే రెండు అంచులూ పోయి నడిమి చారలే మిగులుతాయి. అందుకని మొదటి ఫొటోకు సగానికి మడిచి, ఒక మూల తిప్పి వెనకవైపు కూడా కనబడేలా పెట్టండి. రెండువైపులా వాడుకోవచ్చని చెప్పకుండానే తెలుస్తుంది. టేపు పరిచి పూర్తి నిడివి రెండో ఫొటోలో, అంచు కుచ్చులు మూడో ఫొటోలో. పొద్దుటి వెలుతురులో, నీడపట్టున తీయాలి. ట్యూబ్‌లైటు కింద మెరూన్ నల్లగా వస్తుంది, పార్సిల్ విప్పగానే "రంగు ఇది కాదు" అని వాపస్ వస్తుంది.

వివరాల్లో కొలత అడుగుల్లో, నూలుదా ఉన్నిదా అన్నది, తూచిన బరువు, ఉతికే పద్ధతి రాయాలి. కొరియర్ ఖర్చు చెప్పడానికి బరువే ఆధారం. మరమగ్గం సరుకును చేతిమగ్గమని మాత్రం రాయొద్దు. పక్కింటి నేతన్న కూలి పడిపోయేది అక్కడే.

"సైజెంత? రంగు పోతదా? కరీంనగర్‌కు పంపుతరా?" రోజూ వచ్చే ప్రశ్నలివే. జవాబులను క్విక్ రిప్లైలో దాచుకుంటే, గీత గుర్తు '/' కొట్టగానే ముందుకొస్తాయి. 50 దాకా దాచుకోవచ్చు. చాట్‌లకు తగిలించే లేబుళ్లలో 'పెండింగ్ పేమెంట్' ఒక్కటి సరిగ్గా వాడినా బాకీల పుస్తకం సగం తేలికవుతుంది. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ వస్తే నమ్మకండి. ఖాతాలో పడ్డాకే పార్సిల్ కట్టాలి.

ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక లిస్టుకు 256 మందే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. బిల్లు ఇచ్చేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండి" అని అడగాలి. తెలియని నంబర్లకు వరసగా పంపితే జనం రిపోర్ట్ కొడతారు, ఖాతా ఆగిపోతుంది. కొత్త గిరాకీని వెతికి తెచ్చే పని ఈ యాప్‌ది కాదు. దానికి గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పెట్టి, అక్కడ కేటలాగ్ లింకు ఇవ్వాలి.

పెద్ద లోటు ఇంకొకటి: సరుకు లెక్క ఇది చూడదు. ఒక్కటే ఉన్న డిజైన్ అమ్ముడైనా కనబడుతూనే ఉంటుంది. అమ్మిన రోజే దాన్ని 'హైడ్' చేయాలి.

దుకాణానికి వేరే సిమ్ తీసుకుంటే రీచార్జ్ మరవొద్దు. నెలల తరబడి వాడకపోతే నంబరు వేరేవాళ్లకు పోతుంది, దానితో పాటు ఖాతా కూడా. ఖాతాను వేరేవాళ్లు తెరవకుండా రెండంచెల పిన్ మొదటి రోజే పెట్టి, కాగితం మీద రాసి గల్లాపెట్టెలో వేయండి.