స్టోరీవీవర్ స్థాయిలు: ఇంట్లో తెలుగు చదివించేవారికి ఎంతవరకు పనికొస్తాయి?

పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ వేదిక స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. తెలుగు కథలూ బోలెడున్నాయి. ఇంట్లోనే చదువు చెప్పేవారికి ఇంతకంటే మంచి తెలుగు పుస్తకాల అర దొరకడం కష్టం. అయితే కథ మీదున్న స్థాయి అంకె చూసి, "అమ్మాయికి ఏడేళ్లొచ్చాయి కదా, రెండో స్థాయి ఇద్దాం" అని నేరుగా ఇచ్చేస్తే తరచూ గురి తప్పుతుంది. ఆ అంకె పుస్తకానికి వేసిన ముద్ర. పిల్లల స్థాయి తేల్చుకోవడం మన పనే.

స్థాయిలు నాలుగు. మొదటిది అప్పుడే చదవడం మొదలుపెట్టినవారికి: తేలిక మాటలు, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు, 250 పదాల లోపు. రెండోది తెలిసిన మాటలు గుర్తుపట్టి కొత్తవి సాయంతో చదివేవారికి, 600 పదాల దాకా. మూడోది సొంతంగా చదువుకునేవారికి, 1500 దాకా. నాలుగో స్థాయిలో 1500 దాటిన, లోతున్న కథలుంటాయి. అన్ని భాషలకూ పనికొచ్చే కొలత కాబట్టి కథ పొడవు, వాక్యం తీరు వంటివే ఇందులోకి వచ్చాయి. తెలుగు లిపిలో పిల్లలు ఎక్కాల్సిన మెట్లు ఇందులో కనిపించవు.

ఆ మెట్లు తెలుగు నేర్పేవారందరికీ తెలిసినవే. ముందు తల, పడవ లాంటి సరళ పదాలు. తర్వాత గాలి, కోతి లాంటి గుణింతపు మాటలు. ఆపైన అమ్మ, చెట్టు లాంటి ద్విత్వాలు, పుస్తకం, సూర్యుడు లాంటి సంయుక్తాలు, చివరికి రాష్ట్రం, శాస్త్రం లాంటి సంశ్లేషాలు. ఇప్పుడు నలభై పదాల మొదటి స్థాయి కథనే తీసుకోండి. అందులో "శాస్త్రవేత్త" అన్న ఒక్క మాట నాలుగుసార్లు వస్తే చాలు, గుణింతాలు మాత్రమే వచ్చిన పిల్ల నాలుగుచోట్లా ఆగిపోతుంది. అదే పిల్ల ఒత్తులు తక్కువున్న రెండో స్థాయి కథను హాయిగా చదివేయగలదు. అందుకే ఏ కథ ఇచ్చినా ముందు మొదటి మూడు పేజీలు మీరు చదివి, సంయుక్త, సంశ్లేషాలున్న మాటల కింద గీత గీయండి. పిల్ల ఇంకా ద్విత్వాల దగ్గరే ఉంటే, పేజీకి రెండు మూడు గీతలు దాటిన కథను ఒంటరిగా చదవమని ఇవ్వకండి. పక్కన కూర్చుని కలిసి చదవండి. దీనికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

పదాల లెక్కలోనూ తిరకాసు ఉంది. తెలుగులో "చెప్పుకోలేకపోయింది" ఒకే పదం. అందులో ఎంత వ్యాకరణం దాగుందో చూడండి. ఇంగ్లీషు కథకు తెలుగు అనువాదం వచ్చినప్పుడు పదాల సంఖ్య తగ్గవచ్చు, పదాలు మాత్రం పొడుగవుతాయి. అనువాదాలు చాలామంది చేతుల మీదుగా వచ్చినవి కాబట్టి నాణ్యతా ఒకేలా ఉండదు. ఒక పేజీ గట్టిగా చదివి చూడండి. మీ నాలుకకే వాక్యం తిరగకపోతే ఆ కథను పక్కన పెట్టేయండి, పిల్ల తడబాటును ఆ కథతో కొలవకండి.

ఇక పిల్లల స్థాయి. చదువు నేర్పడంలో నిపుణుడైన అమెరికన్ ఎమ్మెట్ బెట్స్ 1946లో చెప్పిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. నూటికి 99 మాటలు సరిగా చదివి, విషయంలో 90 శాతం అర్థం చేసుకుంటే ఆ పుస్తకం ఒంటరిగా చదవడానికి. 95 మాటలు, 75 శాతం అర్థమైతే పెద్దల సాయంతో నేర్చుకోవడానికి. 90 కంటే తక్కువ మాటలు, సగం కంటే తక్కువ అర్థమైతే అది విసుగు పుట్టించే పుస్తకం. పరీక్షకు అంతకుముందు చూడని కథలోంచి 100 పదాలు తీసుకోండి. చిన్న కథల్లో అన్ని లేకపోతే 50 చాలు, తప్పుల లెక్క రెట్టింపు చేసుకోండి. తప్పు చదివిన మాట, వదిలేసిన మాట, మీరు అందించిన మాట తప్పు కింద లెక్క. తనంతట తాను వెనక్కి వచ్చి సరిదిద్దుకుంటే తప్పు కాదు, పైగా మంచి గుర్తు. ఒకే పేరును పదిసార్లు తప్పు పలికితే ఒకటిగానే లెక్కించండి. "వచ్చాడు" అని ఉన్నచోట ఇంటి యాసలో "వచ్చిండు" అని చదివితే అసలు తప్పే కాదు: అర్థమైంది కాబట్టే తన మాటలోకి మార్చుకుంది. కల, కాల ఒకటే అన్నట్టు చదివితే మాత్రం రాసుకోండి, దీర్ఘం మారితే మాటే మారిపోతుంది. భ బదులు బ పలకడాన్ని వేరే వరుసలో రాసుకుంటే సరిపోతుంది, దానికోసం చదువును ఆపొద్దు.

ఇక్కడే తెలుగులో పెద్ద మోసం జరుగుతుంది. మన లిపి రాసినట్టే పలుకుతుంది కాబట్టి, అక్షరాలన్నీ వచ్చిన పిల్ల అర్థం తెలియని పేరాను కూడా తప్పు లేకుండా చదివేస్తుంది. వినేవారికి ముచ్చటేస్తుంది, వెంటనే పై స్థాయి పుస్తకం చేతిలో పెట్టేస్తారు. కాబట్టి తెలుగులో 99 అన్న అంకెను ఒంటరిగా నమ్మకండి. చదివాక పుస్తకం మూసి, కథ సొంత మాటల్లో చెప్పమనండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు: కథలో ఉన్న విషయం ఒకటి, "ఎందుకు" అనేది ఒకటి, ఒక మాటకు అర్థం ఒకటి. మాటలన్నీ సరిగా చదివి "ఎందుకు" దగ్గర మూగబోతే అడ్డం పడుతున్నది లిపి కాదు, పదసంపద. అలాంటి పిల్లకు ఒత్తుల అభ్యాసం ఇంకా పెంచితే లాభం లేదు. రోజూ మీరు చదివి వినిపించడం పెంచండి, వినడానికి ఒకటి రెండు స్థాయిలు పైనున్న కథలు తీసుకున్నా ఫర్వాలేదు.

ఆడియోతో పాటు అక్షరాలు వెలిగే చదువు-విను కథలు ఇందుకు బాగుంటాయి. వాక్యం ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఎత్తుకోవాలో చెవికి పడుతుంది. పరీక్షకు మాత్రం అవి పనికిరావు. రెండుసార్లు వింటే చాలు, పిల్లలు కథంతా ఒప్పజెప్పేస్తారు. అనుమానమొస్తే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి అడగండి.

వయసు, చదివే శక్తి కలవనిచోట ఈ వేదిక బలం, లోటు రెండూ బయటపడతాయి. తెలుగు ఆలస్యంగా మొదలుపెట్టిన తొమ్మిదేళ్ల పిల్లాడికి బుజ్జి కుక్కపిల్ల కథ ఇస్తే అవమానంగా అనిపిస్తుంది, అది మొండితనం కాదు. ఆ పిల్లాడికి మొదటి రెండు స్థాయిల్లోనే సైన్సు, జంతువులు, యంత్రాల గురించిన పుస్తకాలు వెతకండి. వాక్యం చిన్నదే, విషయం పెద్దవాళ్లది. దీనికి విషయాలవారీగా జల్లెడ పట్టే సదుపాయం చాలా ఉపకరిస్తుంది. అయిదేళ్లకే మూడో స్థాయి చదివే పిల్ల విషయంలో సమస్య తిరగబడుతుంది. స్థాయి అంకె కథలోని బాధ, భయం ఎంతో చెప్పదు కాబట్టి కథ మొత్తం మీరు ముందే చదవాలి.

ఈ వేదికలో తక్కువమంది వాడుకునే గొప్ప వసతి, కథను సొంతంగా తేలిక చేసుకోవడం. కథలు సీసీ బై 4.0 (క్రియేటివ్ కామన్స్) అనే లైసెన్సు కింద ఉన్నాయి. అసలు రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి, మార్పు చేశామని చెబితే పాఠం మార్చుకోవచ్చు. "వర్షం కురుస్తున్నందువల్ల బయటికి వెళ్లలేకపోయిన పిల్లలు కిటికీ దగ్గర కూర్చున్నారు" అన్న వాక్యాన్ని "వాన పడుతోంది. పిల్లలు బయటికి వెళ్లలేదు. కిటికీ దగ్గర కూర్చున్నారు" అని విడగొడితే బొమ్మ అదే, కథ అదే, మెట్టు మాత్రం దిగుతుంది. కథకు ప్రాణమైన కష్టపు మాటను తీసేయకండి. చదివే ముందే పలక మీద రాసి, విడగొట్టి పలికించండి.

ఫోన్ తెర మీద ఒత్తులు మరీ చిన్నవై గుర్తుపట్టడం కష్టం కావచ్చు. టాబ్లెట్ వాడండి, లేదా పీడీఎఫ్ అచ్చు తీయండి.

వారానికి అయిదు రోజులు, రోజూ పావుగంట అనుకుంటే మూడు రోజులు సులువైన కథ, రెండు రోజులు సాయంతో చదివే కథ సరిపోతుంది. వరుసగా మూడు కొత్త కథల్లో 95 దాటి, "ఎందుకు"కు జవాబొస్తే స్థాయి పెంచండి. రెండు కథల్లో వరుసగా 90 తగ్గితే దిగండి, దిగుతున్నామని పిల్ల ముందు అనకండి. రెండు నుంచి మూడుకు ఎక్కేటప్పుడు కథ రెండింతలకు పైగా పెరగవచ్చు. అప్పుడు మూడో స్థాయి కథను మూడు రోజులకు పంచి, ప్రతిరోజూ నిన్నటి భాగం పిల్లే చెప్పాక కొత్త పేజీ తెరవండి.