కొట్టాలా, కొనివ్వాలా, బయటికి ఎత్తుకెళ్లాలా? అంగట్లో పిలకాయల పేచీకి ఏది మేలు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాకో చిన్న అంగడి ఉంది. ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు సామాను, టిఫిన్ బాక్సులు, పిలకాయల బొమ్మలు అమ్ముతాం. మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వెళ్లినప్పుడూ, సాయంత్రం రద్దీ టైములోనూ గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటాను. ఏడేళ్లుగా ఇదే పని. మధ్యలో నాకూ ఒకడు పుట్టి, వాడూ ఊళ్లో సగం అంగళ్లలో కింద పడి దొర్లాడు కాబట్టి, గల్లాపెట్టెకు ఇటు పక్క సంగతీ అటు పక్క సంగతీ రెండూ నాకు తెలుసు.

మొన్న శనివారం సాయంత్రం ఒకమ్మాయి వచ్చింది. చంకలో చంటిది, చేతిలో మూడేళ్ల కొడుకు. ఆమెకు కావలసింది ఒక్క కుక్కర్ రబ్బరు. నేను సైజు వెతికేలోపు వాడు సబ్బు బుడగల సీసా పట్టుకున్నాడు. ‘పెట్టెయ్ రా’ అంది. పెట్టలేదు. లాక్కుంది. అంతే, వాడు వెల్లకిలా పడి కాళ్లతో తన్నడం మొదలుపెట్టాడు. బకెట్ల వరస గడగడమంటూ కూలింది. అంగట్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. ఆమె వాడి వీపు మీద ఒకటి వేసింది, ఏడుపు రెట్టింపయింది. ఫోన్ తీసి పాటలు పెట్టిచ్చింది, దాన్ని విసిరికొట్టబోయాడు. ఇక చేసేది లేక ‘ఎంతక్కా అది?’ అని అడిగి, ఇరవై రూపాయలిచ్చి ఆ సీసానే కొనిచ్చింది. వాడు కుళాయి కట్టేసినట్టు ఆపేశాడు. చెంపల మీద తడి ఆరకముందే బుడగలు ఊదుకుంటూ మెట్లు దిగాడు. కుక్కర్ రబ్బరు మాత్రం గల్లాపెట్టె మీదే ఉండిపోయింది.

నాలుగు నిమిషాల్లో మూడు మందులూ వాడేసింది, పాపం. నేనూ అదే వరసలో వాడినదాన్నే. ఆ మూడింటిలో ఏది మంచి మందో, అసలు మందు ఇంకేదైనా ఉందో, నాకు తెలిసినంత రాస్తాను.

ముందు కొనివ్వడం సంగతి. అందరూ తిట్టేది దీన్నే, అందరూ చేసేదీ ఇదే. నా లెక్కలో కొనివ్వడం అంత పెద్ద తప్పేం కాదు. ఎప్పుడు కొనిచ్చామన్నదే తప్పు. ఆ పిల్లాడు మొదట అడగ్గానే ‘సరే, తీసుకో’ అని ఉంటే అది ఇరవై రూపాయల ఖర్చు, అంతే. పదిసార్లు కాదని, వాడు దొర్లాక పదకొండోసారి ఇస్తే మాత్రం వాడికి దొర్లడం నేర్పినట్టు. అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలతోనూ పావురాలతోనూ ఇదే చూశాడు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడే జంతువు, గింజలు ఆగిపోయాక కొంతసేపటికి నొక్కడం మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి పడే గింజకు అలవాటుపడింది మాత్రం ఎంతకీ వదలదు, ఈసారి పడుతుందేమోనని నొక్కుతూనే ఉంటుంది. లాటరీ టికెట్లు కొనేవాళ్లను చూస్తే మీకే అర్థమవుతుంది. ఒకరోజు మెత్తబడి, ఒకరోజు గట్టిగా ఉండే అమ్మానాన్నల పిల్లలే అంగట్లో ఎక్కువ గొంతు చేస్తారు. ఎప్పుడూ కొనిచ్చే ఇంటి పిల్లలు గానీ, ఎప్పుడూ కొనివ్వని ఇంటి పిల్లలు గానీ నా దగ్గర ఇంత రభస చేయగా నేను పెద్దగా చూడలేదు.

ఇందులో ఇంకో చిక్కుంది. ఇకనుంచి ఏడిస్తే కొనివ్వకూడదని గట్టిగా అనుకున్న మొదటి రోజుల్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన మంత్రం పనిచేయకపోతే ఎవరైనా ఇంకాస్త గట్టిగా చదువుతారు కదా. చాలామంది సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తారు. దాంతో వాడికి పాత ఏడుపు చాలదని, కొత్త ఏడుపు కావాలని తెలిసిపోతుంది. కాబట్టి కొనేదుంటే అడగ్గానే కొనండి. కొననిది ఇల్లు కూలినా కొనకండి.

ఇక దెబ్బ. మా జేజి ఉంటే ‘రెండు తగిలిస్తే అదే ఊరుకుంటాడు’ అనేది. ఊరుకునే పిల్లలున్నారు, కాదనను. కానీ ఏడేళ్లుగా నేను చూసిందేమిటంటే, అంగట్లో పడే దెబ్బ పిల్లాడి కోసం పడదు. చుట్టూ చూస్తున్న నలుగురి కోసం పడుతుంది. ‘నేను పెంపకం తెలియనిదాన్ని కాను, చూడండి’ అని ఆ తల్లి మాకు చెప్పుకోవడం అది. అంగడి ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వేళ ఇదే తల్లి, ఇదే పిల్లాడు, ఇదే పేచీ అయినా చెయ్యి లేవదు. స్వీడన్‌లో 1979లోనే తల్లిదండ్రులు కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేశారు. మన విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, బడిలో కొట్టడాన్ని నిషేధించింది. పంతులు కొడితే గొడవకు వెళ్లే మనం, అంగట్లో నలుగురి మధ్య కొట్టి, ‘తమ్ముణ్ణి కొట్టకూడదు నాన్నా’ అని ఇంటికెళ్లి చెబుతాం.

దెబ్బకు తోబుట్టువు బెదిరింపు. ‘అదిగో, ఆ ఆంటీ కొడతది చూడు’ అని నన్ను చూపిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. అంగట్లో కూర్చున్నందుకు పిల్లల్ని కొట్టే ఆంటీని కావాలా? ‘పోలీసుకు పట్టిస్తా’ అనేది ఇంకా ప్రమాదం. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు ఎంత జనం వస్తారో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ జనంలో పిల్లాడి చెయ్యి జారితే, వాడు ధైర్యంగా వెళ్లాల్సింది ఖాకీ బట్టల దగ్గరికే. ఏడాది పొడుగునా పోలీసు పేరు చెప్పి భయపెట్టినవాడు ఆరోజు పోలీసును చూసి ఇంకా దూరం పరిగెత్తుతాడు.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. రెండేళ్లలోపు పిల్లలకు అసలు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నేను మరీ అంత నిష్ఠగల మనిషిని కాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయేటప్పుడు, ఆస్పత్రిలో టోకెన్ పట్టుకుని రెండు గంటలు కూర్చున్నప్పుడు మావాడికీ ఇచ్చాను. అక్కడ లేచి వెళ్లే దారి లేదు, పక్కవాళ్లకు తప్పించుకునే దారీ లేదు. అంగడి అలాంటి చోటు కాదు. చూడడానికి వెయ్యి వస్తువులుంటాయి, లెక్కపెట్టడానికి ఉల్లిగడ్డలుంటాయి, చిల్లర ఇచ్చి పుచ్చుకోవడం ఉంటుంది. అవన్నీ ఉన్నచోట పిల్లాణ్ణి తీసుకెళ్లి తెరలో ముంచడం బస్సెక్కి కళ్లకు గంతలు కట్టుకున్నట్టుంటుంది.

ఇంట్లో వదిలి రావడం? చూసుకునేవాళ్లుంటే, అందులోనూ మే నెల ఎండలో, మహారాజులా వదిలి రండి. నిద్ర టైములో, ఆకలి మీద ఉన్నవాణ్ణి తెచ్చి, పేచీ పెట్టాడని అనడం న్యాయం కాదు. అయితే ఎప్పుడూ వదిలే వస్తుంటే మాత్రం వాడు అంగడి మర్యాద ఎక్కడ నేర్చుకోవాలి?

నేను చివరికి తేల్చుకున్నది బయటికి ఎత్తుకెళ్లడం. దీన్ని కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే చాలామంది సగం చేసి పనిచేయలేదంటారు.

మావాడికి మూడేళ్లప్పుడు, మాగుంట లేఅవుట్ వైపు ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో, చాక్లెట్ల స్టాండు ముందు బోర్లా పడ్డాడు. బుట్టలో అప్పటికే పప్పు, నూనె, సబ్బులు ఉన్నాయి. కౌంటర్ కుర్రాడితో ‘తమ్ముడూ, ఈ బుట్ట ఇక్కడే ఉంచు, ఐదు నిమిషాల్లో వస్తా’ అన్నాను. వాణ్ణి చంకలో ఇరికించుకుని బయటికి తెచ్చాను. చెప్పు ఒకటి లోపలే పడిపోయింది. మెట్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. అసలు కష్టం అదే, నోరు కట్టుకోవడం. కాసేపు నన్ను తన్నాడు. ఆ తర్వాత అరుపు సన్నబడి, వెక్కిళ్లలోకి దిగింది. నా చీర కొంగుతో ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు నీళ్లు తాగించి, ‘పోదామా, నీ చెప్పు లోపలుంది’ అన్నాను. లోపలికెళ్లి చెప్పు తొడిగి, బిల్లు కట్టి, చాక్లెట్ లేకుండానే వచ్చాం.

తర్వాత తెలిసింది, దీని మీద పరిశోధన కూడా ఉందని. అమెరికాలో పొటెగల్, డేవిడ్సన్ అనే ఇద్దరు 2003లో చిన్నపిల్లల పేచీలను నిమిషాల లెక్కన పరిశీలించారు. ఎక్కువ పేచీలు అర నిమిషం, నిమిషంలో అయిపోయేవే. నాలుగింట మూడు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. కోపం ముందు ఎగిసి ముందే దిగిపోతుంది, వెనకాల దుఃఖం మిగులుతుంది. కోపంలో ఉన్నప్పుడు నీతులు చెబితే మంటలో నూనె పోసినట్టే. దుఃఖంలోకి దిగాక ఒళ్లోకి తానే వస్తాడు. తనను తాను ఆపుకునే పని చూసే భాగం, మెదడులో నుదుటి వెనకాల ఉండేది, పాతికేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుందట. మూడేళ్లవాణ్ణి ‘కంట్రోల్ చేసుకో’ అని ఏం అడుగుతాం?

ఇందులో మర్చిపోకూడనిది మళ్లీ లోపలికి వెళ్లడం. అటునుంచి అటే ఇంటికి పోతే, అంగడి విసుగెత్తిన పిల్లాడికి తాళం చెవి దొరికినట్టే. రేపు ఇంటికి పోవాలనిపించినప్పుడల్లా కింద పడి దొర్లుతాడు. ఇక బుట్ట వదిలి వెళితే అంగడివాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్ పడకండి. మాకు కావలసింది గాజు సామాను పగలకపోవడం, మీరు తిరిగి రావడం. ఏడుపు మాకు కొత్త కాదు.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. చంకలో ఇంకోటి ఉన్న ఆ శనివారం అమ్మాయి ఇద్దర్నీ ఎలా ఎత్తుతుంది? ఐదేళ్లు దాటినవాణ్ణి ఎత్తడం నా నడుముతో అయ్యే పని కాదు. అంత వయసు వాళ్లకు మాట పనిచేస్తుంది, అది కూడా గుమ్మం బయటే చెప్పాలి. ‘ఇవాళ కుక్కర్ రబ్బరు ఒక్కటే. బొమ్మలు చూడొచ్చు, కొనం.’ అంతే, రెండు ముక్కలు. ఆపైన ఏదో పని అప్పజెప్పాలి. చీటీ పట్టుకోమనాలి, కొబ్బరికాయ ఊపి నీళ్లున్నాయో లేదో చూడమనాలి.

ఇదంతా ఏడ్చే పిల్లల సంగతి. పరిగెత్తే పిల్లల లెక్క వేరు. సూపర్ మార్కెట్లో సామాను బండి ఎక్కి నిలబడి తోయించుకునేవాళ్లు, కదిలే మెట్ల మీద మెత్తటి రబ్బరు చెప్పులతో గంతులేసేవాళ్లు, వీళ్ల దగ్గర ఐదు నిమిషాలు ఆగే వీల్లేదు. ఆ చెప్పులు మెట్ల సందులో ఇరుక్కుంటే కాలి వేళ్లు పోతాయి. అక్కడ చెయ్యి పట్టుకుని ఆపాల్సిందే, ఏడిస్తే ఏడవనీ. ఇంకో మాట, కొందరికి నచ్చదేమో. అలాంటప్పుడు అంగడివాళ్లు కూడా నోరు విప్పాలి. ‘బాబూ, గాజు గ్లాసులున్నాయి, నడువు’ అని నేను మామూలుగా చెబితే పిల్లలు తల్లి మాటకన్నా తొందరగా వింటారు. తల్లులే కొందరు ‘మా పిల్లాణ్ణి అనడానికి మీరెవరు’ అన్నట్టు చూస్తారు. చూడనీ.

అలాగని మా తప్పు లేదా? ఉంది. బొమ్మలు మోకాలి ఎత్తున పెట్టింది మేమే, ఆ ఎత్తులో ఎవరి కళ్లుంటాయో తెలిసే. ఇంగ్లండులో 2022 అక్టోబరు నుంచి పెద్ద అంగళ్లు బిల్లు కౌంటర్ దగ్గర చక్కెర, కొవ్వు ఎక్కువున్న తినుబండారాలు పెట్టకూడదని చట్టం వచ్చింది. ఈ సంగతి మా ఆయనకు చెప్పి, మనమూ బొమ్మల్ని పై అరలోకి మారుద్దామా అన్నాను. ‘అద్దె నువ్వు కడతావా?’ అన్నాడు. బుడగల సీసాలు మాత్రం నేనే తీసి నా వెనక అరలో పెట్టుకున్నాను.

ఆ శనివారం అమ్మాయి సోమవారం కుక్కర్ రబ్బరు కోసం మళ్లీ వచ్చింది, ఒక్కతే. మెట్ల మీద కూర్చోవడం గురించి చెప్పాను. శ్రద్ధగా విని, ‘అది సరే అక్కా, తాత వెంట ఉంటే ఎలా?’ అంది. నాకు నవ్వొచ్చింది. మావాణ్ణి నేను మెట్ల మీద కూర్చోబెట్టి ఇంకా వెక్కిళ్లు ఆగకముందే, మా మామగారు వెనకనుంచి వచ్చి, లాల్చీ జేబులోంచి పది రూపాయల నోటు తీసి, నాకు కనపడకుండా వాడి గుప్పిట్లో పెడతారు. దానికి నా దగ్గర ఉపాయం లేదన్నాను.