బాత్రూమ్, కిచెన్ పని ఎవరికివ్వాలి? విడి పనివాళ్లకా, కాంట్రాక్టరుకా, కంపెనీకా: ఏది మేలు?

ముందే నా మాట చెప్పేస్తాను. బాత్రూమ్ పనిని ముక్కలు చేసి నలుగురికి పంచకండి. కిచెన్ పనైతే పంచినా పరవాలేదు.

రెండింట్లోనూ నీళ్లుంటాయి, పైపులుంటాయి, టైల్సుంటాయి. మరి ఈ తేడా ఎందుకు? కిచెన్‌లో తప్పు జరిగితే చాలావరకు కళ్లెదుటే ఉంటుంది. అల్మరా తలుపు వంకర పోతే ఎవరు బిగించారో తెలుసు. సింకు కింద కారుతుంటే ఏ జాయింటో చేత్తో తడిమి చెప్పొచ్చు. బాత్రూమ్‌లో తప్పు టైల్స్ కింద దాక్కుంటుంది. నెలలు గడిచాక కింది ఫ్లాటువాళ్ల సీలింగు మీద మరకై బయటపడుతుంది. అప్పుడు ప్లంబర్ని పిలిస్తే "నా జాయింట్లు గట్టిగానే ఉన్నాయి సార్, వాటర్‌ప్రూఫింగే సరిగ్గా చెయ్యలేదు" అంటాడు. వాటర్‌ప్రూఫింగ్ చేసినతను "నా పూత మీద టైల్స్ మేస్త్రీ ఉలి పెట్టాడు" అంటాడు. మేస్త్రీ "నేనొచ్చేసరికే ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే చోటు) కదిలిపోయి ఉంది" అంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు కూడా. ఎవరి పని ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలైందో ఎవరూ రాసిపెట్టుకోలేదు, అంతే. ఇక పగలగొట్టి చూడటమే. ఆ ఖర్చు మీదే.

అందుకే మూడు పద్ధతుల్నీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: రేపు చెమ్మ దిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అతను ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకోగలడా?

విడి పనివాళ్లు

మేస్త్రీ, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, కార్పెంటర్ను విడివిడిగా మాట్లాడుకోవడం లెక్కల్లో చవక. మధ్యవర్తి లాభం మిగులుతుంది, ఏ సామాను వాడుతున్నారో మీ కళ్లతో చూస్తారు, నచ్చని మనిషిని మార్చుకోవచ్చు. చిక్కల్లా వరుస దగ్గరే. పాత టైల్స్ తీయాలి, గోడలో గాడి కొట్టి పైపులూ వైర్ల గొట్టాలూ వేయాలి, పైపుల్ని ఒత్తిడితో పరీక్షించాలి, గాడి పూడ్చాలి, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు నిలిపి చూడటం, వాటం (నీళ్లు జారే వాలు) పోయడం, టైల్స్, గ్రౌట్ (టైల్స్ సందులు నింపే పొడి), చివరికి ఫిట్టింగులు. ఇందులో ఒక్క మనిషి రెండ్రోజులు రాకపోతే వెనకవాళ్లంతా వేరే సైటుకి వెళ్లిపోతారు. వాళ్లను మళ్లీ రప్పించే పని మీది.

అంతకన్నా పెద్ద చేటు వరుస తప్పడం. కమోడ్‌నే తీసుకోండి. ఎస్-ట్రాప్ మోడల్ (గోడలోకి కాక నేలలోకి దిగే రకం) అయితే గోడ నుంచి డ్రైన్ మధ్యకు ఉండాల్సిన దూరం ఒక మోడల్‌కి 9 అంగుళాలు, ఇంకోదానికి 12 అంగుళాలు. ఇంటివాళ్లు కమోడ్ ఇంకా కొనలేదు, ప్లంబర్ తనకు అలవాటైన దూరంలో పైపు పెట్టేశాడు, వాటర్‌ప్రూఫింగ్ పూత కూడా అయిపోయింది. అప్పుడు కమోడ్ వస్తుంది, సరిపోదు. ప్లంబర్ వచ్చి పైపు చుట్టూ నాలుగు దెబ్బలు కొట్టి, జరిపి, గుప్పెడు సిమెంటు అద్ది వెళ్తాడు. పైకి చూస్తే ఏమీ తెలియదు. కానీ అక్కడ పూత తెగింది, నీళ్లు దిగేది సరిగ్గా అక్కడే. ఫిట్టింగులన్నీ కొని, ఇంటికి చేర్చాకే పగలగొట్టడం మొదలుపెట్టమనేది ఇందుకే. ఎవరికి పని ఇచ్చినా ఈ మాట వర్తిస్తుంది.

కుళాయిలు, గీజర్, అద్దం, వాష్ బేసిన్ మార్చడం వరకే అయితే విడి పనివాళ్లే మేలు. నేల తవ్వని పనికి కాంట్రాక్టరు అక్కర్లేదు. నేల తవ్వే పనైతే, రోజంతా సైటు దగ్గర ఉండగలిగి, పై వరుస కంఠతా వచ్చినవాళ్లకే ఇది కుదురుతుంది.

కాంట్రాక్టరు: లేబరు మాత్రమేనా, సామానుతో సహానా?

అసలు బేరం ఇక్కడే ఉంది. బాత్రూమ్‌కి నా ఓటు కాంట్రాక్టరుకే. అయితే సామాను ఎవరు కొనాలన్నదాంట్లోనే సగం తిరకాసు.

లేబరు కాంట్రాక్టు ఇచ్చి సామానంతా మీరే కొంటే, చెమ్మ దిగినప్పుడు "మీరు తెచ్చిన కెమికల్ మంచిది కాదు" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. అంతా అతనికే వదిలేస్తే కనిపించని చోట్ల పొదుపు చేస్తాడు. వాటర్‌ప్రూఫింగ్ పూత పలచనవుతుంది, టైల్ అడ్హెసివ్ బదులు సిమెంటు పాలు వస్తాయి. చాలామంది మధ్యేమార్గంగా పైపులూ కెమికల్సూ తామే ఖరీదైనవి కొనిచ్చి, టైల్స్ అతన్ని తెమ్మంటారు. నేను దీన్ని తిరగేస్తాను. కంటికి కనిపించేవన్నీ మీరు కొనండి: టైల్స్, కమోడ్, కుళాయిలు, బేసిన్. టైల్స్ కింద పూడిపోయేవన్నీ అతని ఖాతాలో ఉండాలి: పైపులు, పూత, అడ్హెసివ్, గ్రౌట్. కాకపోతే బ్రాండు, రకం పేరు కొటేషన్‌లో రాయించి, సంచి మీ ఎదుటే విప్పాలని షరతు పెట్టండి. అలా అయితే లోపలి పొర మొత్తానికీ జవాబుదారీ ఒక్కడే. టైల్స్ అందం సంగతి మీరు చూసుకుంటారు, అది అతని మెడకు చుట్టాల్సిన పని లేదు.

పూత పలచనైందో లేదో తేల్చడానికి కెమిస్ట్రీ రానక్కర్లేదు. రెండున్నర మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు గది అనుకుందాం. నేల 4 చదరపు మీటర్లు. నాలుగు గోడల మీదా 30 సెంటీమీటర్ల ఎత్తు పూత ఎక్కిస్తే ఇంకో రెండున్నర. షవర్ వైపు గోడల మీద మనిషెత్తు దాకా పూస్తే మరో మూడు, నాలుగు. మొత్తం దాదాపు 10. రెండు పూతలకు చదరపు మీటరుకి ఎన్ని కిలోలు పడుతుందో సంచి మీదో, కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లోనో ఉంటుంది. దాన్ని 10తో గుణించండి. ఆ లెక్కకు సగం సామాను కూడా ఖర్చు కాకుండా పని ముగిసిందంటే మిగతా సగం నీళ్లే. మొదటి పూత ఒక దిశలో లాగితే రెండోది అడ్డంగా లాగాలి. గోడ, నేల కలిసే మూలల్లోనూ పైపుల చుట్టూతా ఫైబర్ మెష్ (పూతలో ఇమిడే సన్నటి వల) పెట్టాలి. మూలల గురించి అడిగినప్పుడు కాంట్రాక్టరు ముఖం చూడండి. మెష్ సంగతి అతనే ముందుగా ఎత్తితే సగం పరీక్ష పాసయినట్టే.

అడ్హెసివ్ గురించి కూడా ఒక మాట. విట్రిఫైడ్ టైల్ దాదాపుగా నీరు పీల్చదు, దాని పీల్పు 0.5 శాతం లోపే. పట్టుకోవడానికి రంధ్రాలు లేనిచోట మామూలు సిమెంటు పాలు సరిగ్గా అంటవు. ఐఎస్ఓ 13007 ప్రమాణంలో సిమెంటు ఆధారిత అడ్హెసివ్‌లను సీ1, సీ2 అని విడదీశారు. సీ2 పట్టు ఎక్కువ, పెద్ద టైల్స్‌కి అదే అడగండి. పళ్ల తాపీతో టైల్ వెనక అంతటా పరచాలి. అయిదు ముద్దలు పెట్టి అదిమేస్తే మధ్యలో డొల్ల మిగిలి, నీళ్లు చేరి అక్కడే కాపురముంటాయి. నాణెంతో తట్టి చూస్తే ఆ చప్పుడు ఇట్టే తెలిసిపోతుంది.

పాత టైల్స్ మీదే కొత్తవి అతికించేద్దామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పాతవి గట్టిగా ఉండి, ఎక్కడా చెమ్మ లేకపోతే అది తప్పేం కాదు. దుమ్ము తక్కువ, రోజులు తక్కువ. కానీ నేల మట్టం సెంటీమీటరు పైన లేస్తుంది, తలుపు అడుగు కొయ్యాల్సి వస్తుంది. ఇప్పటికే చెమ్మ ఉన్న బాత్రూమ్‌లో మాత్రం అది జబ్బు మీద దుప్పటి కప్పడమే.

కంపెనీ

ఇంటీరియర్ కంపెనీకి ఇస్తే డ్రాయింగు, బొమ్మ, తేదీలు, ఒకే బిల్లు. ఉద్యోగాలతో ఊపిరాడనివాళ్లకు ఇది సుఖం. కానీ కంప్యూటర్లో త్రీడీ బొమ్మ చూపించిన అమ్మాయి సైటు మీద కనిపించదు, పని చేసేది తరచుగా సబ్ కాంట్రాక్టు మేస్త్రీయే. వారంటీ కాగితం చదివితే హింజెస్‌కి (తలుపు బందులకి), చానెల్స్‌కి (డ్రాయర్ పట్టాలకి) ఏళ్ల తరబడి హామీ ఉంటుంది, గోడ చెమ్మ మాత్రం "మినహాయింపులు" అన్న శీర్షిక కింద చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. బాత్రూమ్ కోసం కంపెనీ దగ్గరికెళ్తే ముందు ఆ పేజీ తెరవమనండి.

కిచెన్ దగ్గర కథ వేరు. క్యాబినెట్ ఫ్యాక్టరీలో కోసి, యంత్రం మీద అంచుపట్టీ అతికించినంత శుభ్రంగా ఇంట్లో కూర్చుని చేసే కార్పెంటర్‌కి కష్టం. అంచు సరిగ్గా మూసుకోకపోతే నీటి ఆవిరి చేరి పలక ఉబ్బడం మొదలయ్యేది అక్కడే. అలాగని కార్పెంటర్ని తీసిపారేయలేం. గోడలు మూలమట్టానికి లేని ఇంట్లో, స్తంభం అడ్డొచ్చిన మూలలో, చేతిపనే చక్కగా ఒదుగుతుంది. పదేళ్ల తర్వాత రిపేరుకూ అతనే దిక్కు. నేనైతే క్యాబినెట్లు ఫ్యాక్టరీకి, ప్లంబింగ్ నా ప్లంబర్‌కి, వైరింగ్ నా ఎలక్ట్రీషియన్‌కి ఇస్తాను. ఒక్క జాగ్రత్త: గోడల టైల్స్, ప్లాస్టరింగు పూర్తయ్యాకే క్యాబినెట్ల చివరి కొలతలు తీసుకోవాలి. ముందే తీసుకుంటే అరంగుళం ఖాళీని సిలికాన్‌తో పూడ్చి చేతులు దులుపుకుంటారు.

కొలతల్లో గట్టు ఎత్తు 85 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య, లోతు 60 అన్నది మామూలు లెక్క. కానీ వంట చేసే మనిషిని నిలబెట్టి చూడకుండా ఖాయం చెయ్యకండి. సింకు కింద ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) వద్దు. అక్కడ వెనక పలక ఊడదీసేలా ఉండాలి, లేకపోతే వాల్వ్ కట్టాలన్నా క్యాబినెట్ కొయ్యాల్సిందే. ఎలక్ట్రీషియన్‌ని 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే పరికరం) గురించి అడగండి. తడి చేతులతో స్విచ్చులు ముట్టుకునే గదులివి.

మనిషిని ఎలా వెతకాలి

ఫోనులో ఫోటోలు చూసి ఎవర్నీ ఖాయం చెయ్యొద్దు. మెరిసే బాత్రూమ్ ఫోటో ఎవరిదైనా కావచ్చు. రెండు చోట్లకు తీసుకెళ్లమనండి: ఇప్పుడు పని నడుస్తున్న సైటు ఒకటి, ఏడాది రెండేళ్ల క్రితం ముగించినది ఇంకొకటి. మొదటిదాంట్లో పూత, పైపులు, కింద పరిచిన గుడ్డలు చూడండి. రెండోదాంట్లో నహానీ ట్రాప్ చుట్టూ టైల్స్ ఎలా కోశారో వంగి చూడండి. నాలుగు వైపులా సన్నటి సమాన సందుతో, ట్రాప్ వైపు వాలుతూ కోసి ఉంటే చెయ్యి తిరిగిన మేస్త్రీ. అంచులు చిట్లి, సందుల్ని తెల్ల సిమెంటుతో నింపి ఉంటే మిగతాదీ అలాగే ఉంటుంది. ఒక మగ్గుడు నీళ్లు తలుపు దగ్గర పోయండి. వాటం మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉంటే అవే ట్రాప్ వెతుక్కుంటూ పోతాయి.

మిమ్మల్ని అతను ఏమడిగాడన్నది ఇంకా ముఖ్యం. కమోడ్ కొన్నారా, గుమ్మం మట్టం ఎంత, కింది ఫ్లాటులో ఎవరున్నారు, పని వేళలకూ లిఫ్టుకూ అసోసియేషన్ అనుమతి తీసుకున్నారా అని అడిగినవాడు పని తెలిసినవాడు. ఏమీ అడక్కుండా అప్పటికప్పుడు గుత్తగా ఒక అంకె చెప్పేసినవాడి విషయంలో ఆగి ఆలోచించండి. స్తంభాలకీ బీములకీ గాడి కొట్టేందుకు వెంటనే ఒప్పుకున్నవాడినైతే గుమ్మంలోంచే పంపించెయ్యండి.

మూడు కొటేషన్లు తెప్పించినా అవి పోల్చుకునేలా లేకపోతే దండగ. ఒకతను చదరపు అడుగుకింత అంటాడు, ఇంకొకతను మొత్తానికింత అంటాడు. మీరే ఒక జాబితా రాసి ముగ్గురికీ అదే ఇవ్వండి: పగలగొట్టడం, పెళ్లలు కిందికి మోసి పారేయడం, పైపులు, పూత, వాటం, టైల్స్, గ్రౌట్. స్కర్టింగు కొలత ఎలా లెక్కేస్తారో, వృథా ఎవరి ఖాతాయో అందులోనే తేలిపోవాలి. టైల్స్ మాత్రం 10 శాతం ఎక్కువ కొనండి, పెట్టెల మీద బ్యాచ్ నంబర్లు ఒకటే ఉన్నాయో లేదో చూసుకోండి.

డబ్బు, నీళ్లు

పగలగొట్టే రోజుకు ముందే కింది ఫ్లాటువాళ్లను కలిసి, వాళ్ల సీలింగు ఫోటోలు వాళ్ల ముందే తీసుకోండి. ఉన్న మరక ఏదో, కొత్తది ఏదో తర్వాత వాదన ఉండదు. గోడ మూసే ముందు పైపుల పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. పైపు చివరలు మూసి, పంపుతో వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గంట తర్వాత గేజ్ ముల్లు కదిలిందేమో చూడమనండి.

డబ్బు తేదీల్ని బట్టి కాక పని దశల్ని బట్టి ఇవ్వండి. అడ్వాన్సు ఎంత తక్కువైతే అంత మంచిది. పెద్ద వాయిదా మాత్రం పాండ్ టెస్ట్, అంటే నీళ్లు నిలిపి చూసే పరీక్ష, తర్వాతే. పూత ఆరడానికి సంచి మీద రాసినన్ని రోజులు ఆగి, ట్రాప్ మూసి, రెండు అంగుళాల దాకా నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. కనీసం 24 గంటలు, వీలైతే 48. ఆవిరై ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గితే కంగారు పడకండి. అంతకు మించి తగ్గితే, కింద సీలింగు పొడిగా ఉన్నా, పూత మళ్లీ వేయించాలి. టైల్స్ వేశాక ఇంకోసారి నిలపండి.

మొత్తంలో 10 శాతం రెండు మూడు నెలల వాడకం తర్వాతే ఇస్తామని ముందే రాసుకోండి. దీనికి ఒప్పుకోని కాంట్రాక్టరు తప్పనిసరిగా చెడ్డవాడేం కాదు, ఆఖరి బాకీ ఎగ్గొట్టిన ఇంటివాళ్లను అతనూ చూసే ఉంటాడు. కావాలంటే అయిదు శాతానికి దిగండి. పాండ్ టెస్ట్ విషయంలో మాత్రం ఒక్క గంట కూడా తగ్గించకండి. నీళ్లు నిలిచి ఉన్నంతసేపూ టైల్స్ పెట్టెలు విప్పనివ్వకండి.