తెలుగు కామెంటరీలోకి రావాలంటే క్రికెట్టా, కబడ్డీనా... ఏది మేలు?

"అన్నా, వాయిస్ బాగుందంటున్నారు, కామెంటరీ చేయాలనుంది, క్రికెట్ వైపు వెళ్ళనా కబడ్డీ వైపా" అని అడిగే పిల్లలు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. 2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక ఇది నిజంగానే ఒక కెరీర్ అయింది కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తున్నా.

పేరు, డబ్బు కావాలంటే క్రికెట్టే, అందులో డౌటే లేదు. రెండు నెలల ఐపీఎల్, 2023 నుంచి ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యూపీఎల్, మధ్యలో ఇండియా మ్యాచ్‌లు, ఏడాదిలో ఖాళీ తక్కువ. కబడ్డీకి చెప్పుకోదగ్గది ప్రో కబడ్డీ ఒక్కటే, అది అయిపోతే మళ్ళీ సీజన్ దాకా వేరే పని చూసుకోవాల్సిందే.

కానీ నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది ఆ కుర్చీ ఎవరికి దొరుకుతుందనేది. తెలుగు క్రికెట్ కామెంటరీలో మనం విన్న గొంతులు చూడండి, వెంకటపతి రాజు, ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు, అంబటి రాయుడు, అందరూ ఇండియాకి ఆడినవాళ్ళే. అది న్యాయమే కూడా, ఎందుకంటే క్రికెట్‌లో బాల్‌కీ బాల్‌కీ మధ్య బోలెడు టైముంటుంది, ఆ టైములో జనం వినాలనుకునేది డ్రెస్సింగ్ రూమ్ సంగతులు, ఫీల్డ్ ఎందుకలా పెట్టాడనే సంగతి, అవి ఆడినోడు చెప్తేనే బరువు. ఆడని మనకి మిగిలేది పక్కన మ్యాచ్ నడిపించే కుర్చీ ఒకటి, దానికోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీకే తెలుసు.

కబడ్డీలో ఆ గ్యాపే ఉండదు. రెయిడ్ 30 సెకన్లు. "కూతకెళ్ళాడు, ఎదురుగా ఏడుగురు, డూ ఆర్ డై, రైట్ కార్నర్ మీదకి వెళ్తున్నాడు, బోనస్ లైన్ మీద కాలేశాడు, యాంకిల్ పట్టేశారు, లైన్ దాకా చెయ్యి చాపాడు..." ఇంతలో విజిల్. (డూ ఆర్ డై అంటే పాయింట్ తేకపోతే రెయిడర్ అవుటయ్యే రెయిడ్.) బోనస్ లైన్ దాటినప్పుడు వెనక కాలు గాల్లో ఉందా లేదా, కోర్టులో ముగ్గురే ఉండగా పట్టారా, అంటే సూపర్ టాకిల్‌కి రెండు పాయింట్లా, ఇవన్నీ మాట్లాడుతూనే లెక్కేసుకోవాలి. మాజీ ప్లేయర్ పక్కనున్నా ఈ పరుగు మాత్రం మైక్ పట్టుకున్నవాడే పెట్టాలి, ఇక్కడ ఆడిన అనుభవం కన్నా నోరు, కన్ను కలిసి పనిచేయడం ముఖ్యం.

ఇంకోటి, ఇది నేర్చుకునే చోటు మన ఊళ్ళల్లోనే ఉంది. సంక్రాంతి టోర్నమెంట్లలో లైట్ల కింద మైక్ పట్టుకుంటే జనం కోర్టు చుట్టూనే కూర్చుని ఉంటారు, పాయింట్ తప్పు చెప్పావంటే అక్కడికక్కడే అరుస్తారు, అంత మంచి ట్రైనింగ్ ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకదు. టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నీల్లోనూ మైక్ ఉంటుంది, కాదనను, కానీ అక్కడ బౌండరీ అవతల కూర్చున్నోళ్ళు సగంమంది వినరు.

మిగతావి రెండు ముక్కల్లో. ఆకాశవాణి ఇంటర్నేషనల్ మ్యాచ్ కామెంటరీ ఎక్కువగా హిందీ, ఇంగ్లీషే. యూట్యూబ్‌లో మ్యాచ్ విజువల్స్ పెడితే కాపీరైట్ దెబ్బ పడుతుంది, ఉత్త మాటలతో నడపాలి, అలవాటు కోసమైతే ఓకే. వాలీబాల్ లీగ్ ఉంది గానీ దాని మీదే బతకడం కష్టం.

అందుకే కుర్రాళ్ళకి నేను కబడ్డీతో మొదలెట్టమనే చెప్తాను, స్టేట్ లెవెల్ దాకా క్రికెట్ ఆడినవాళ్ళకి మాత్రం క్రికెట్టే. ఈసారి మీ మండలంలో టోర్నమెంట్ జరిగితే ఆర్గనైజర్లని అడిగి రెండు మ్యాచ్‌లు చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, తర్వాత కళ్ళు మూసుకుని వినండి. ప్రతి రెయిడ్ తర్వాతా స్కోర్ చెప్పారా, ఎవరు అవుటయ్యారో పేరుతో సహా తెలుస్తోందా, ముందు ఈ రెండూ చూసుకోండి, పంచ్ డైలాగుల సంగతి తర్వాత.