ఆ రోజుల్లో వలస వచ్చిన నటికి సినిమా మేలా, టీవీ మేలా?

పాత హాలీవుడ్ ఊసెత్తితే చాలు, ఇదే అడుగుతున్నారు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, హెడీ లమార్ లాంటి వాళ్ళని వదిలేయండి, వాళ్ళని స్టూడియోలే ఏరికోరి తెచ్చుకున్నాయి. మిగతా వాళ్ళ సంగతి తేలాలంటే మియోషి ఉమెకి, ఈవా గాబోర్ ఇద్దర్నీ చూస్తే చాలు.

ఉమెకిది జపాన్‌లో ఒటారు. యుద్ధం అయ్యాక అక్కడి అమెరికన్ సైనికుల బ్యాండుల్లో జాజ్ పాడేది, 1955లో అమెరికా వచ్చింది, రెండేళ్ళకే వచ్చిన 'సయొనారా' సినిమాకి సహాయ నటిగా ఆస్కార్ కొట్టేసింది. తూర్పు ఆసియా నటీనటుల్లో మొదటి ఆస్కార్ ఆవిడదే, ఆ అవార్డు మళ్ళీ ఆసియా నటికి వచ్చింది 2021లోనే. మరి అంత అవార్డు వచ్చాక ఏమైంది అంటే, ఇంకో నాలుగు సినిమాలు, అన్నిట్లో జపనీస్ పిల్లో చైనా పిల్లో, 1962 తర్వాత సినిమాలే లేవు.

ఈవాది బుడాపెస్ట్, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చింది. సినిమాల్లో ఏళ్ళ తరబడి చిన్నాచితకా వేషాలే. 1965లో సీబీఎస్ చానెల్లో 'గ్రీన్ ఏకర్స్' అనే కామెడీ సీరియల్ మొదలైంది, అందులో లీసా ఆవిడే, 1971 దాకా 170 ఎపిసోడ్లు.

నా లెక్కలో అసలు తేల్చేది యాస. మన దగ్గర హీరోయిన్‌కి తెలుగు రాకపోతే డబ్బింగ్ చెప్పించేసి పని కానిచ్చేస్తారు కదా, అక్కడ అలా కాదు, ఎవరి గొంతు వాళ్ళదే, కాబట్టి యాస ఉన్నవాళ్ళకి యాస ఉన్న పాత్రే రాయాలి. రెండు గంటల సినిమాలో అలాంటి పాత్ర పక్క వేషంగానే మిగిలిపోతుంది. వారం వారం వచ్చే సీరియల్‌లో అయితే జనానికి ఆ గొంతు అలవాటైపోతుంది, తర్వాత అదే కావాలంటారు. మొగుడు మాన్‌హాటన్ నుంచి పల్లెటూరి పొలానికి లాక్కొస్తే సిల్కు గౌన్లతో తిరిగే లీసా పాత్ర ఆ హంగేరియన్ యాస లేకుండా నిలబడదు, అసలు ఆవిడ హాట్‌కేక్స్‌ని 'హాట్స్‌కేక్స్' అనడమే సగం కామెడీ. చూడండి, ఆ గొంతు కోసమే డిస్నీ తన కార్టూన్ సినిమాల్లో 1970లో పిల్లి పాత్రకి, 1977లో ఎలుక పాత్రకి ఆవిడనే పిలిచింది. మొహం కూడా అక్కర్లేకపోయింది!

అంటే టీవీయే మేలా? నా ఓటు దానికే, కానీ ఒక మాట చెప్పాలి. ఉమెకి కూడా 1969 నుంచి 1972 దాకా ఏబీసీలో 'ద కోర్ట్‌షిప్ ఆఫ్ ఎడ్డీస్ ఫాదర్' చేసింది, మూడు సీజన్లు స్థిరమైన పని, గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ కూడా వచ్చింది. కానీ పాత్ర? ఇంట్లో పనిచేసే మిసెస్ లివింగ్‌స్టన్. అది అవ్వగానే నటనే మానేసింది. తర్వాత ఆ ఆస్కార్ మీద తన పేరు గీకేసి దాన్ని పారేసిందని వాళ్ళబ్బాయే చెప్పాడు. తెల్లావిడ యాస ముద్దొచ్చింది, జపాన్ ఆవిడకి మాత్రం వంటిల్లే దొరికింది, ఆ తేడాని టీవీ కూడా దాటలేదు.

నాటకాలంటారా, ఇద్దరూ బ్రాడ్‌వేలో చేశారు, ఉమెకికి అక్కడి నాటకాల అవార్డు టోనీకి నామినేషన్ కూడా ఉంది, కానీ ఇప్పుడు మనం చూడ్డానికి ఏం మిగల్లేదు కాబట్టి దాని జోలికి పోవట్లేదు.

చూడ్డం మొదలెట్టాలంటే ఈవాని ఏ ఎపిసోడ్‌తో అయినా మొదలెట్టొచ్చు. ఉమెకిని మాత్రం ముందు 'సయొనారా'లోనే చూడండి, సీరియల్ ఆ తర్వాత.